రెండు వందల యాభై ఆరు దారులు

"అమ్మా, నీ కోడలికి చెప్పు. ఈ బల్ల మీద కాగితాలు తీస్తేనే నేను కాఫీ తాగుతాను" అన్నాడు మారినోస్.

ఆ కోడలు అదే బల్లకు అవతలి వైపు, మూరెడు దూరంలో కూర్చుని ఉంది.

"అత్తయ్యా, మీ అబ్బాయికి చెప్పండి. అవి చదవడానికి పెట్టిన కాగితాలు. చదివితే నేనే తీసేస్తాను" అంది ఆర్గిరో.

పొయ్యి దగ్గర కాఫీ పొంగు చూసుకుంటున్న ఎవాంథియా వెనక్కి తిరగలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఒకరి మాట ఒకరికి కలిపాను. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాను. మళ్ళీ ఆ కొలువు నాతో చేయించకండి" అంది.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. సోమవారం సాయంత్రం ఆర్గిరో తన సొంత పద్ధతి రాసిన ఆ పదహారు పేజీలూ భర్త ముందు పెట్టింది. మంగళవారం, అతని చిప్ తనిఖీ పత్రం మీద సంతకం పెట్టనని తెగేసి చెప్పింది. అప్పటినుంచి మారినోస్ ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఐదింటికల్లా చిప్ నమూనా ఫ్యాక్టరీకి చేరాలి. చేరకపోతే మళ్ళీ సెప్టెంబరు దాకా అవకాశం లేదు.

బయట తెల్లవారుజాము నుంచీ దక్షిణపు గాలి వీస్తోంది. సముద్రానికి ఆవల ఎడారిలో లేచిన ఎర్ర దుమ్ము ఇరాక్లియో ఊరంతటినీ కప్పేసింది. ఆకాశం లేదు, కొండలు లేవు. ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు ఎవరో నిద్రలో కదులుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. పది గంటలకే దీపం పెట్టుకోవలసిన వెలుతురు. అయినా ఎవరూ దీపం వేయలేదు.

ఎవాంథియా ఇద్దరి ముందూ కాఫీ కప్పులు పెట్టింది. మారినోస్ తాగలేదు. ఆర్గిరో కూడా తాగలేదు.

"నీ చిప్ పని చెయ్యదని నేననలేదు" అంది ఆర్గిరో, ఈసారి అతని వైపే తిరిగి. "ముప్ఫై రెండు దారులకి చక్కగా పని చేస్తుంది. ఐదు నెలలు దాన్ని అన్ని విధాలా పరీక్షించాను. ఎక్కడా తొణకలేదు."

"అమ్మా, మరి సంతకానికి ఏమడ్డమో అడుగు."

"పత్రంలో రెండు వందల యాభై ఆరు దారుల దాకా ఇదే పద్ధతి పెరుగుతుందని రాశారు. అది అడ్డం. పెరగదు. మీకూ తెలుసు, మాస్టారూ."

ఆమె నోట 'మీరు' వినబడగానే మారినోస్ తల ఎత్తాడు. ఒకప్పుడు ఆమె అతని శిష్యురాలు. పెళ్ళయిన ఈ ఐదేళ్ళలో ఆ పిలుపు ఎప్పుడు వచ్చినా, దాని వెనకాల తలుపు మూసుకుపోతుందని అతనికి తెలుసు.

"పదకొండేళ్ళ పని" అన్నాడు. తల్లితో అన్నాడో, దుమ్ముతో అన్నాడో తెలియదు. లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఎవాంథియా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉపవాసాల రోజులు కావడంతో బల్ల మీద ఆలివ్ కాయలు, బార్లీ రొట్టెలు తప్ప మరేమీ లేవు. ఒక రొట్టె ముక్కను నీళ్ళలో తడుపుతూ అంది:

"నాకు తెలిసే మాటల్లో చెప్పు. ఏమిటే మీ ఇద్దరి గొడవ?"

"మీ స్విచ్ బోర్డు లాంటిదే, అత్తయ్యా. ముప్ఫై రెండు దారుల్లోంచి సమాచారపు పొట్లాలు వస్తాయి. ముప్ఫై రెండు దారుల్లోకి పోవాలి. మధ్యలో అడ్డగీతలు, నిలువుగీతలు. ఒకే గుమ్మానికి ఇద్దరు ఒకేసారి పోకూడదు. ఎవరు ఎటు పోవాలో మధ్యలో ఒకడు కూర్చుని తేలుస్తాడు. సెకనుకి రెండు కోట్ల సార్లు తేలుస్తాడు. మీ అబ్బాయి కట్టింది వాణ్ణి."

"గట్టివాడే."

"చాలా గట్టివాడు. కానీ దారులు రెండింతలైతే వాడి ముందు అర్జీలు నాలుగింతలవుతాయి. తీర్పు చెప్పడానికి ఉన్న సమయం మాత్రం అంతే. ఎక్కడో ఒకచోట వాడు చేతులెత్తేస్తాడు."

"మరి నీ పద్ధతిలో?"

"మధ్యలో మనిషే ఉండడు. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక చిన్న అర ఉంటుంది. వచ్చేవాడు తన వరసలో ఏ అర ఖాళీగా ఉందో చూసి పడేస్తాడు. తీసుకునేవాడు తన వైపు ఏ అర నిండిందో చూసి తీసుకుంటాడు. ఎవరి నిర్ణయం వాళ్ళది."

ఎవాంథియా చాలాసేపు నమిలింది. కిటికీ అవతల ఏదో పక్షి దారి తప్పినట్టు రెండుసార్లు అరిచి ఊరుకుంది.

"మా బోర్డు దగ్గర కూడా వెనకాల ఒకావిడ నిలబడేది. అమ్మాయిలం ఆరుగురం ఉన్నప్పుడు ఆవిడ లేకపోతే గడిచేది కాదు. ఇరవైమందిమి అయ్యాక ఆవిడ ఉంటే గడిచేది కాదు" అంది.

ఆర్గిరో ముఖంలో నాలుగు రోజుల తర్వాత నవ్వు మొదలైంది.

"నవ్వకు. నీ లెక్క ఒప్పే అయ్యుండొచ్చు. అయినా నేను వాడి తల్లిని. వాడి వైపే మాట్లాడతాను" అంది ఎవాంథియా, రొట్టె పళ్ళెం ఆమె వైపు తోస్తూ. "తిను ముందు."

పదకొండున్నరకి సిఫిస్ వచ్చాడు. పరిశోధనశాలలో చిప్ లోపలి తీగలూ గదులూ గీసేవాడు అతనే. కనుబొమ్మలూ మీసమూ ఎర్రబడిపోయి, ఇటుక బట్టీలోంచి లేచి వచ్చినట్టున్నాడు.

"మరియమ్మ తల్లీ! కాళ్ళు బయట దులుపుకో!" అని అరిచింది ఎవాంథియా.

"దులిపాను పెద్దమ్మా. దులిపినంతా మళ్ళీ ఎక్కింది." సంచిలోంచి తనిఖీ పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "మాస్టారు ఏరీ?"

"గదిలో."

"మాట్లాడుతున్నారా?"

"గోడలతో" అంది ఆర్గిరో.

సిఫిస్ ఆమె పక్కన కూర్చుని ఇంకా గొంతు తగ్గించాడు. "ఆర్గిరో, నాదొక మాట విను. ఎందుకీ గోల? నీదే పంపేద్దాం. నీ బొమ్మ మొత్తం అయిపోయింది. అదే కొలత, అవే కాళ్ళు. ఆయన చిప్ పట్టే చోటే వెయ్యిన్నొక్క ఇరవై నాలుగు అరలూ..."

"వెయ్యిన్ని ఇరవై నాలుగు."

"అదే. బ్రహ్మాండంగా పట్టేశాయి. నిన్నటితో పూర్తి."

"నా పని నేనే తనిఖీ చేసుకుని నేనే సంతకం పెట్టుకోకూడదు, సిఫిస్. దాన్ని చూడగలిగినవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి గీస్తున్నావు?"

అడిగింది మారినోస్. గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

సిఫిస్ లేచి నిలబడ్డాడు. మీసం మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"జనవరి నుంచి, మాస్టారూ."

"నా బల్ల పక్కన కూర్చునే?"

"మీ పని ఆపలేదు. మీది అయ్యాకే... ఆదివారాలు గీసేవాణ్ణి."

"చర్చికి వెళ్తున్నానని చెప్పేవాడివి."

మారినోస్ భార్య వైపు చూశాడు. నాలుగు రోజుల్లో నేరుగా చూడడం అదే మొదటిసారి. ఆ చూపులో కోపం ఉంటే ఆర్గిరో తట్టుకునేది. కోపం లేదు. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలిన మనిషి చూపులా ఉంది.

చొక్కా మీద కోటు తొడుక్కుని అతను బయటికి వెళ్ళిపోయాడు.

"వెళ్ళు" అంది ఎవాంథియా కోడలితో. "వాడు ఎక్కడికి వెళ్తాడో నీకు తెలుసు."

తెలుసు. కానీ ఆర్గిరో చాలాసేపు లేవలేదు. సిఫిస్‌ని ల్యాబ్‌కి పంపింది. గిన్నెలు కడిగింది. రెండు గంటలు కొట్టాక తల చుట్టూ గుడ్డ కట్టుకుని, పాత ఓడరేవు వైపు నడిచింది.

వీధులు నిద్రలో నడిచినట్టున్నాయి. దుకాణాల తలుపులు సగం దించి ఉన్నాయి. ఎదురొచ్చిన మనుషులు దగ్గరకొచ్చేదాకా నీడలే, దాటిపోగానే మళ్ళీ నీడలే. సూర్యుడు ఉన్నచోట నీలిరంగు నాణెం లాంటి మచ్చ ఒకటి ఉంది. దాన్ని రెప్పవాల్చకుండా చూడవచ్చు. సముద్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పడవలు గాలిలోనే తేలుతున్నట్టు, ఒక్కొక్కటీ తాడు చివర మెల్లగా తిరుగుతున్నాయి. ఉదయం నుంచి పట్టిన తలనొప్పి ఆ వెలుగులో ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకి తెలియలేదు. తాను ఎందుకు వచ్చిందో కూడా ఒక్క నిమిషం మరిచిపోయింది.

అలలను ఆపే గోడ చివర, పాత కోట దగ్గర, అతను రాతి మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకొకరు పట్టేంత చోటు వదిలింది.

"చదివాను" అన్నాడు మారినోస్. "నువ్వు ల్యాబ్‌కి వెళ్ళినప్పుడల్లా చదివాను. నాలుగు రోజులూ. మూడుసార్లు."

"మరి చెప్పలేదేం?"

"బాగుంది. అందుకని."

గాలి వాళ్ళ మధ్యనుంచి వెళ్ళింది.

"ఒకచోట తప్పుంది" అన్నాడు.

ఆర్గిరో అతని వైపు తిరిగింది. "ఉంటుందని తెలుసు. నువ్వు ఆ మాట అంటావని తెలుసు."

"కోపంతో అనడం లేదు. చూడు."

రాతి మీద దుమ్ము పొరగా పేరుకుంది. మారినోస్ దాని మీద వేలితో రెండు గీతలు గీశాడు. అవి కలిసినచోట ఒక చిన్న గడి పెట్టాడు.

"అర ఖాళీ అయిందనుకో. వచ్చేవాడికి కబురు పోవాలి కదా, 'ఒకటి ఖాళీ' అని. ఆ కబురు తీగ మీద చెడిపోతే?"

"కోటికోట్లలో ఒకసారి చెడుతుంది."

"ఒక్కసారి చాలు. అర ఖాళీగానే ఉంటుంది. వాడు మాత్రం నిండిందనే అనుకుంటాడు. ఇక ఎప్పటికీ అందులో ఏమీ వెయ్యడు. వెయ్యిన్ని ఇరవై నాలుగు అరలు. నెలకొకటి చొప్పున చచ్చిపోతూ ఉంటాయి. ఎవరికీ తెలియదు. ఏ గంటా మోగదు."

ఆర్గిరో ఆ గడి వైపు చూస్తూ ఉండిపోయింది. తప్పు లేదని నిరూపించడానికి మనసులో మూడు దారులు వెతికింది. మూడూ మూసి ఉన్నాయి.

తప్పు ఉంది. అది నిజమైన తప్పు. ఐదు నెలలు ఇంకొకరి పనిలో లోపాలు వెతికిన తన కళ్ళకి తన పనిలో ఇది కనబడలేదు.

"ఒకటి ఖాళీ అని కాదు" అంది నెమ్మదిగా. "మొదటి నుంచీ మొత్తం ఎన్ని ఖాళీ అయ్యాయో ఆ సంఖ్య పంపితే? ఒక కబురు పోయినా తర్వాతి కబురు..."

"దాన్ని సరిచేస్తుంది" అన్నాడు మారినోస్, ఆమె మాట పూర్తికాకముందే.

ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఒక్క క్షణం, ఆ ఎర్రటి కలలో, నాలుగు రోజులు లేవు. ఆమె మళ్ళీ తరగతి గదిలో ముందు వరసలో ఉంది. అతను సుద్దముక్క చేత్తో పట్టుకుని, ఆమె జవాబు కోసం ఆగి ఉన్నాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అంది.

"పది. రెండు వారాలు."

"ఐదింటికి గడువు."

"తెలుసు."

పడవ ఒకటి గోడకి తగిలి, మెత్తగా వెనక్కి పోయింది.

"నాది పెరగదు, ఆర్గిరో" అన్నాడు మారినోస్. "నువ్వు రాసిన లెక్క నేనే ఒకసారి వేశాను. ఎప్పుడో. అరవై నాలుగు దారుల దగ్గర ఊపిరి ఆడదని అప్పుడే తేలింది. ఇంకెవరైనా అడిగేదాకా చూద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. నువ్వే అడిగావు."

ఆమె ఏదో అనబోయింది. అతను లేచి నిలబడ్డాడు.

"పద. పత్రంలో ఆ వాక్యం నా చేత్తో కొట్టేస్తాను. ముప్ఫై రెండు అని మాత్రమే ఉంటుంది. అప్పుడు సంతకం పెడతావా?"

"జూన్‌లో ఏథెన్స్ నుంచి ఈ పనికి డబ్బిచ్చేవాళ్ళు వస్తారు. పెద్ద స్విచ్‌ల కోసమే కదా ఈ పనంతా. ఆ వాక్యం లేకపోతే..."

"ఉన్నమాట చెప్తాను. పదకొండేళ్ళు తప్పు దారిలో వెళ్ళానని చెప్తాను. పెడతావా?"

"పెడతాను."

ఊరి బయటి గుట్ట మీది ల్యాబ్‌కి కారు వెళ్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. అద్దం తుడిచేవి ఎర్రటి నీళ్ళని అటూ ఇటూ తోస్తున్నాయి. ఆలివ్ చెట్లు ఒక్కొక్కటే కనబడి మాయమవుతున్నాయి. ఆర్గిరోకి ఆ ప్రయాణం ఇలాగే సాగితే బాగుండుననిపించింది. అదే సమయంలో, ఓడరేవు దగ్గర అతనన్న మాటల్లో ఒకటి ఎక్కడో గుచ్చుకుని ఉంది. ఏ మాటో పట్టుకోలేకపోయింది.

ల్యాబ్‌లో సిఫిస్ ఒక్కడే ఉన్నాడు. ఇద్దర్నీ కలిసి చూసి మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"కూర్చో. పెన్ను ఇయ్యి" అన్నాడు మారినోస్.

పత్రంలో మూడో పేజీ తీశాడు. ఒక్క గీతతో, తొందరపడకుండా, ఆ వాక్యం ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టేశాడు. పక్కన పొడి అక్షరాల సంతకం పెట్టాడు. పత్రం భార్య ముందుకి జరిపాడు. ఆర్గిరో మొత్తం మళ్ళీ చదివింది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకి లేదు. చదివి, పెట్టింది.

నాలుగు యాభై రెండుకి నమూనా కంప్యూటర్‌లోంచి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. చేరినట్టు అవతలినుంచి జవాబొచ్చింది. సిఫిస్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

"సెప్టెంబరుకి నీది పంపుదాం" అన్నాడు మారినోస్. అతని గొంతు చాలా కాలం జ్వరపడి లేచినవాడి గొంతులా తేలికగా ఉంది. "తనిఖీ నేను చేస్తాను. సిఫిస్, నీకిక ఆదివారాలు అక్కర్లేదు. రోజూ గీసుకో."

సిఫిస్ నవ్వబోయి, ఆర్గిరో ముఖం చూసి ఆగిపోయాడు.

గుచ్చుకున్న మాట ఏదో ఆమెకి దొరికింది.

"ఎప్పుడో అన్నావు" అంది. "లెక్క ఎప్పుడో వేశానన్నావు. ఎప్పుడు?"

"చాలా రోజులైంది."

"తేదీ వెయ్యకుండా నువ్వు ఒక్క పేజీ కూడా రాయవు. ఎప్పుడు, మారినోస్?"

కిటికీ అద్దానికి దుమ్ము సన్నగా కొట్టుకుంటోంది. అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"తొంభై ఎనిమిది."

"ఏ నెల?"

"నవంబరు."

సిఫిస్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ ఏడాది నవంబరు ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం, ఇదే భవనంలో కింది అంతస్తు గదిలో, ఆర్గిరో తన పరిశోధన ఏ దారిలో పోవాలో పెద్దల ముందు చెప్పింది. ప్రతి కూడలిలో ఒక చిన్న అర అని చెప్పింది. పెద్దల మధ్యలో కూర్చున్న మారినోస్ ఓపికగా విని, ఇది పనికిరాదమ్మా, ఇందులో భవిష్యత్తు లేదు, వదిలెయ్ అన్నాడు. ఆమె వదిలేసింది. ఆరేళ్ళు అతని చిప్‌కి కాపలా కాసింది.

"నవంబరు ఎంత?"

"అప్పట్లో అరలు చిప్‌లో పట్టేవి కావు, ఆర్గిరో. మెమరీకి అంత చోటు ఎక్కడుండేది? అది నిజమే కదా."

"నిజమే. నవంబరు ఎంత?"

ఆ గదిలో యంత్రాల చల్లని హోరు తప్ప ఇంకేమీ లేదు.

"పద్నాలుగు" అన్నాడు మారినోస్.

ఆరు రోజుల ముందే.

ఆర్గిరో తలగుడ్డ మెల్లగా విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకుంది.

"సిఫిస్, నన్ను బస్టాండులో దింపుతావా?"

సిఫిస్ తాళాలు అందుకుని మాస్టారి వైపు చూశాడు. మారినోస్ కుర్చీ వీపు వదల్లేదు.

"ఏ బస్సు, ఆర్గిరో?" అన్నాడు సిఫిస్.

ఆమె అప్పటికే తలుపు తీసింది. ఎర్రటి వెలుతురు గది సగం దాకా వచ్చి నిలిచింది.